గుమ్మంలో అనకూడని మాట

మా హోటలు కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో, ఓడరేవు డాకు గేటు వైపు పోయే రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో ఉంటుంది. అటు బిర్యానీ హండీ, ఇటు కబాబుల పొగ, మధ్యలో ఇరుక్కుని మాది. బోర్డు మీద ఏదో పేరు ఉందిగానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. డాకు కూలీలు ‘పుష్పక్క మెస్సు’ అంటారు. బెంగాలీలు ‘మద్రాసీ హోటేల్’ అంటారు. మద్రాసీ ఏంటయ్యా, మాది శ్రీకాకుళం జిల్లా అని మొదట్లో దెబ్బలాడేదాన్ని. ఎంతమందితోనని దెబ్బలాడతాం? మానేశాను.

పుష్పరాణి నా పేరు. బడ్జ్ బడ్జ్ జూట్‌మిల్లు కూలీల లైన్లలో పుట్టాను. ఈ సందులోకి కోడలిగా వచ్చాను. మా ఆయన ఢిల్లీశ్వరరావు పేరుకి ఢిల్లీకి ఈశ్వరుడేగానీ పొయ్యి దగ్గర్నుంచి కదలడు. గట్టిగా మాట్లాడడం కూడా రాదు. మాట్లాడే పనంతా నాది. మామూలు రోజుల్లో డాకువాళ్ళు వస్తారు, చేపల పులుసు పోసుకుని గుట్టలా అన్నం తింటారు. ఆదివారాలు మాత్రం న్యూటౌన్ నుంచి, సాల్ట్‌లేక్ నుంచి కంప్యూటరు పిల్లలు దిగుతారు. వాళ్ళ కోసం ఆ రోజు విస్తరాకులు వేస్తాం. తినేముందు ఆకుకి ఫోటోలు తీస్తారు. వాళ్ళలో సాయివర్ధన్ అని ఒక కరీంనగరం కుర్రాడున్నాడు. పులుసు వేడిగా ఉన్నప్పుడు తినరా నాయనా అంటే “మంచిగుంది ఆంటీ, ఒక్క నిమిషం” అంటాడు. వెళ్ళేటప్పుడు సందు చివర్నుంచి కూడా “పోయొస్త ఆంటీ” అని అరుస్తాడు. చక్కటి పిల్లడు.

మా ఒక్కతే కూతురు రోజా. కాలేజీకి పోతూ, మిగతా వేళల్లో గల్లా దగ్గర కూచుంటుంది. తెలుగు మాట్లాడుతుందిగానీ చదవడం రాదు. గుమ్మం దాటే ప్రతివాడికీ తెలుగైతే “మళ్ళీ రండి” అనీ, బెంగాలీ అయితే “ఆబార్ ఆశ్‌బేన్” అనీ అంటుంది. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. ఆ మాట కోసమే మా హోటలుకి వస్తామని చెప్పినవాళ్ళున్నారు. తను కాలేజీకి బయల్దేరేటప్పుడూ ‘పోతున్నా’ అనదు. ఇక్కడివాళ్ళలాగే “ఆశ్‌ఛి మా” అంటుంది, వస్తున్నానమ్మా అని. ఆ కేక వినపడ్డాకే నేను బియ్యం పొయ్యి మీదకి ఎక్కించేదాన్ని.

మొన్న వానాకాలంలో వెంకటేశు పోయాడు. డాకులో పనిచేసేవాడు, ఏళ్ళ తరబడి మా దగ్గరే తిన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయింది. సోంపేట నుంచి తమ్ముడొచ్చి గంగ ఒడ్డున కర్మ చేశాడు. మా వాళ్ళవన్నీ ఒంటిగది ఇళ్ళు. పదిమందిని కూచోబెట్టాలంటే చోటేదీ? అందుకే ఈ చుట్టుపక్కల ఎవరి దినం భోజనమైనా మా హోటలు హాల్లోనే పెడతారు. ఆ రోజు మామూలు గిరాకీ ఉండదు. గుమ్మం పైన లోపలివైపు ‘మళ్ళీ రండి’ అని రాసిన బోర్డుకి తువ్వాలు కప్పేస్తాం. తిన్నవాళ్ళు విస్తరి తమవైపుకి కాకుండా అవతలివైపుకి మడుస్తారు. చెయ్యి కడుక్కుని తలవంచుకుని పోతారు. వెళ్ళొస్తామని ఎవరూ అనరు. రమ్మని మేమూ అనం. మాలో పసిపిల్లకైనా తెలుసు ఇది.

మా పసిపిల్లకే తెలీదు. ఇలాంటి రోజుల్లో రోజాని మేడ మీద గదిలో మా అత్త జగ్గమ్మ దగ్గర ఉంచేసేవాళ్ళం. ఆ రోజు వడ్డించేవాళ్ళు తక్కువయ్యారని నేనే కిందికి పిలిచాను. సోంపు పళ్ళెం చేతికిచ్చి గుమ్మంలో నిలబెట్టాను. బోర్డుకి తువ్వాలు కప్పాంగానీ పిల్ల నోటికి ఎవరు కప్పుతారు?

చివరి బంతి లేచింది. నేను వంటగదిలో గుండిగ దించుతున్నాను. అప్పుడు వినపడింది, రోజూలాగే గలగలమంటూ.

“మళ్ళీ రండి తాతా!”

గుండిగ నేలమీద పడేసి పరిగెత్తాను. హాల్లో ఎవరి చెయ్యి ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది. గుమ్మంలో ఒక ముసలాయన. తెల్ల పంచె, మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. కాలివేళ్ళ మధ్య బూడిదరంగు గంగ మట్టి. రోజా వైపు ఎంతో మర్యాదగా చూసి తల ఊపాడు.

“అలాగేనమ్మా. వొస్తాను.”

వానలోకి దిగి వెళ్ళిపోయాడు.

“ఓసి నీ నోరు పడ!” అని అందరి ముందూ దాని వీపు మీద ఒక్కటేశాను.

“ఉఫ్ మా! నానేటన్నాను? రోజూ అనేదేగదా!” అని కళ్ళనీళ్ళెట్టుకుంది.

ఆయన ఎవరి తాలూకని అడిగితే వెంకటేశు తమ్ముడు కలకత్తా వాళ్ళనుకున్నాడు, మేము సోంపేట వాళ్ళనుకున్నాం. చావు భోజనానికి వచ్చినవాణ్ణి నువ్వెవరని అడగం గదా. ఆయన కూచున్న చోట, గుమ్మం పక్క బల్ల మీద, విస్తరి అవతలికి మడిచి ఉంది. ఒక్క మెతుకు కూడా మిగల్చలేదు. తీసి పారేశాను. తడిమట్టి వాసన మాత్రం చేతికి సబ్బుతో తోమినా పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ అయిపోయింది. మబ్బు పట్టి అప్పుడే దీపాలు పెట్టే వేళలా అయిపోయింది. షట్టరు సగం దించి వంటగదిలో అంట్లు సర్దుతున్నాను. రోజా ఎవరితోనో మాట్లాడుతోంది.

“ఎప్పుడమ్మా?”

“ఏటి తాతా?”

“మల్లీ రమ్మన్నావు గదా. ఎప్పుడు రమ్మంటావు?”

“ఎప్పుడైనా రండి” అని నవ్వింది నా బిడ్డ.

కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టుకుని నేను గబగబా వచ్చాను. తినేసి పోతే పీడ పోతుందని నా ఆశ. ఆయన గుమ్మం పక్క బల్ల దగ్గర కాదు, హాలు మధ్యలో కూచున్నాడు. కంచం వైపు చూశాడు. మెల్లిగా వెనక్కి నెట్టాడు.

“ఇది కాదమ్మా. ఆ వంట.”

లేచి వెళ్ళిపోయాడు. సగం దించిన షట్టరు కింద నుంచి వంగకుండా ఎలా వెళ్ళాడో నాకు తెలీదు.

ఆ సాయంత్రమే రోజా మంచం పట్టింది. జ్వరమైతే మందుంది. దీనికి జ్వరం కాదు, ఒళ్ళు చల్లబడిపోవడం. దుప్పటి మీద దుప్పటి కప్పినా పాదాలు ఐసుముక్కల్లా ఉన్నాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రక్తం తీశారు, ఫోటోలు తీశారు, అంతా బాగుందన్నారు. బాగుంటే నా పిల్ల మంచినీళ్ళు ఎందుకు మింగలేకపోతోందయ్యా అని డాక్టరు మీద అరిచాను. పాపం, ఆయన మాత్రం ఏం చెప్తాడు?

హోటలు మూసేశాం. షట్టరు పూర్తిగా దించి తాళం వేశాం. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి కింద హాల్లోంచి బల్ల జరిపిన చప్పుడు. నేనూ మా ఆయనా మెట్ల మీంచి తొంగి చూశాం. ఈసారి వంటగది గుమ్మాన్ని ఆనుకున్న బల్ల దగ్గర కూచున్నాడు. అక్కణ్ణుంచి మెట్లు నాలుగడుగులే. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పిలుపు అందిన చుట్టంలా బుద్ధిగా ఎదురుచూస్తున్నాడు.  తల ఎత్తి పైకి చూశాడు, రోజా పడుకున్న గది వైపు.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.  

“ఊరు తీసుకుపోదామే” అన్నాడు. పిల్లని లేపి కూచోబెడితే ఊపిరి అందలేదు. మళ్ళీ పడుకోబెట్టాం.

మా అత్త అన్ని రోజులూ మూలన కూచుని జపంలాగా ఏదో గొణుక్కుంటూనే ఉంది. ఆ సాయంత్రం నోరు విప్పింది.

“ఓలే పుష్పా. దినం బోజనానికి మల్లీ రమ్మంటే ఏటర్తం? ఈ గుమ్మంలో మల్లీ దినం పెడతామని మాటిచ్చినట్టే. ఆడు ఆకలికి రాట్లేదు. పిలిస్తే వొచ్చాడు. పెట్టినదాకా ఎల్లడు.”

“దినం పెట్టాలంటే...” అని ఆగిపోయాను.

“మనిసి పోవాల. ఆడు మేడ మీదకే గదా సూస్తన్నాడు.”

 దేవుడా, అలవాటుకొద్దీ అన్న ఒక్క మాటకి ఇంత శిక్షా? దానికేం తెలుసు? దానికి చెప్పనిది మేమే గదా! రాత్రంతా దాని పాదాలు నా పొట్టకి ఆనించుకుని పడుకున్నాను. వేడి ఎక్కలేదు. తెల్లారేసరికి నా మనసులో ఒక మాట గట్టిపడిపోయింది.

“అత్తా, పేరు ఎవరిదైతే ఏం?”

ఆవిడకి అర్థమైంది. వద్దని తల అడ్డంగా ఊపింది. మా ఆయనకి అర్థమయ్యేసరికి కాస్త టైము పట్టింది.

“నా పేరున ఎట్టు. నాను పోతాను” అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో గట్టిగా మాట్లాడడం అప్పుడే విన్నాను.

“నువ్వు పోతే దీనికి వండి పెట్టేదెవరు? నాకు నీలాగ పులుసు కుదరదు” అన్నాను. ఏడుస్తున్నాడని తిట్టాను కూడా. “ఏడవడం తరవాత. అరటికాయలు తే.”

నా దినం భోజనం నేనే వండుకున్నాను. అరటికాయ కూర, గారెలు, పరమాన్నం. పోయినవాళ్ళ ఫోటో ముందు వాళ్ళకి ఇష్టమైంది పెట్టాలి గదా. నాకేం ఇష్టమో నాకే వెంటనే గుర్తు రాలేదు. ఎప్పుడూ ఊరందరికీ ఏది ఇష్టమో చూడడమే సరిపోయింది. చాలాసేపటికి జ్ఞాపకమొచ్చింది, నెత్తళ్ళ చేపల వేపుడు. చిన్నప్పుడు బడ్జ్ బడ్జ్‌లో మా అమ్మ చేసేది. మా ఆయన ఖిదిర్‌పూర్ బజారంతా తిరిగి తెచ్చాడు.

స్టూలు మీద నా ఫోటో పెట్టి దండ వేశాం. ముందు దీపం, విస్తరి. బోర్డుకి తువ్వాలు కప్పాం. రోజాని ఇద్దరం మోసుకొచ్చి గుమ్మంలో గోడకి ఆనించి నిలబెట్టాం. పిలిచిన పిల్లే పంపాలంది అత్త. “నోరు ఇప్పకు తల్లీ. ఆడేటన్నా సరే. ఊఁ అని కూడా అనకు” అని చెవిలో మళ్ళీ మళ్ళీ చెప్పింది.

బయట వాన. సందులో నీళ్ళు మోకాలి లోతు నిలిచాయి. కరెంటు పోయింది. ఎవరి దుకాణమూ తెరిచి లేదు, హండీ చప్పుడు లేదు, రిక్షా గంట లేదు. దీపం వెలుగు ఒక్కటే... తడిమట్టి వాసన ముందొచ్చింది.

తరవాత ఆయన వచ్చాడు.

నీళ్ళలోంచి నడిచొచ్చాడు. నీళ్ళు కదల్లేదు.

ఫోటో చూశాడు. నన్ను చూశాడు.

“ఎవులి దినం?” అన్నాడు గుసగుసగా.

“నాది.”

“పేరు?”

“పుష్పరాణి.”

 మా ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. గోత్రం అడిగాడు. చెప్పాను. కూచున్నాడు. ఆయన పక్కన మా అత్త, ఆ పక్కన మా ఆయన కూచున్నారు. నేనే వడ్డించాను. గారె ఆకు మీద పెడుతుంటే ఆయన వేలు నా చేతికి తగిలింది. ఆ చలి నా భుజం దాకా పాకింది.

తిన్నాడు. నమిలిన చప్పుడు లేదు. మింగిన చప్పుడు లేదు. మా ఆయన ముద్ద మింగలేక కన్నీళ్ళు కలుపుకుని తింటున్నాడు. అన్నీ అయిపోయాక ముసలాయన విస్తరి అవతలికి మడిచి, దాని మీద అరచేత్తో నొక్కాడు. మా అత్త తన ఆకు మడిచింది. మా ఆయన చేత కాలేదు. నేనే వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని మడిపించాను, అవతలివైపుకి.

ముసలాయన చెయ్యి కడుక్కున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. రోజా ముందు నిలబడ్డాడు.

“ఎల్లొస్తానమ్మా.”

రోజా కళ్ళు మూసుకుంది.

“సోంపు ఎట్టవా?”

రోజా గోడకి ఇంకా అతుక్కుపోయింది.

“ఏటి సదువుతున్నావు తల్లీ?”

దాని పెదవులు విడబోయాయి. ఎప్పుడూ ఎవరికీ జవాబివ్వకుండా ఉండలేదది. నేను నా చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను... అరవకుండా. ఆయన ఇంకాస్త వంగాడు. ఈసారి బెంగాలీలో అడిగాడు, రోజా గొంతులాంటి గొంతుతో, గలగలమంటూ.

“ఆబార్ ఆశ్‌బో?”

మళ్ళీ రానా అని.

రోజా కింది పెదవి కొరికేసుకుంది. గడ్డం మీదికి రక్తం కారింది. మాట మాత్రం రాలేదు.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. నీళ్ళలోకి దిగాడు. దీపం ఆరిపోయింది. వెలిగించి చూసేసరికి సందు ఖాళీ.

“మా, ఆకలేస్తంది” అంది రోజా. కూలబడిపోయింది. పట్టుకుంటే పాదాలు వెచ్చగా ఉన్నాయి. వెచ్చగా! వాటిని పట్టుకుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

నా వంతు కోసం ఎదురుచూశాను. బీరువా తాళాలు రోజా చేతికిచ్చాను. మా ఆయనకి పోపుల డబ్బాలు ఎక్కడెక్కడున్నాయో చూపించాను. రోజూ పడుకునేటప్పుడు ఇదే ఆఖరనుకునేదాన్ని. రోజూ తెల్లారుతోంది. దసరా పందిళ్ళు వేశారు, తీశారు. నాకేమీ కాలేదు. మోసపోయినట్టున్నాడు ముసలాడు అని నవ్వుకున్నాను కూడా. హోటలు తెరిచాం.

మొదట నేను గమనించలేదు. ఒక ఆదివారం సాయివర్ధన్ స్నేహితులతో వచ్చాడు. ఎప్పటిలాగే వాగాడు, ఫోటోలు తీశాడు, రెండోసారి పప్పు వేయించుకున్నాడు. లేచేటప్పుడు విస్తరి అవతలికి మడిచాడు.

పిల్లలకి తెలీదులే అనుకున్నాను. పక్కవాడు కూడా అలాగే మడిచాడు. ఆ పక్కవాడూ. గోడ పక్కన ఒక బెంగాలీ జంట, ఆకులో తినడమే కొత్త వాళ్ళకి. వాళ్ళూ అవతలికే. అందరూ చేతులు కడుక్కుని తలవంచుకుని గుమ్మం దాటారు. సాయివర్ధన్ సందు చివరి దాకా వెళ్ళాడు. వెనక్కి తిరగలేదు.

“ఏం బాబూ, చెప్పకుండానే పోతున్నావు?” అని అరిచాను. వినపడనట్టే పోయాడు.

ఆ రోజు నుంచీ అంతే. ఎవరూ వెళ్ళొస్తామని నాతో అనరు. డాకు కూలీలు అనరు, పాలవాడు అనడు. లోపల ఉన్నంతసేపూ బాగానే మాట్లాడతారు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి తల దించేస్తారు, నా దినం భోజనం తిని పోతున్నట్టే.

రోజా కూడా.

పొద్దున్నే జడ వేయించుకుంటుంది, కబుర్లు చెప్తుంది, సంచీ భుజానికి తగిలించుకుంటుంది. గుమ్మంలో మూగదైపోతుంది. ఒకనాడు భుజాలు పట్టుకుని అడిగాను, “ఒక్కసారి అనవే. ఆశ్‌ఛి మా అను. నీకు దణ్ణం పెడతాను.” నోరు తెరిచింది. మాట రాలేదు. దాని కళ్ళ నిండా నీళ్ళు. నన్ను విడిపించుకుని వెళ్ళిపోయింది. వస్తానని చెప్పకుండా వెళ్ళిన బిడ్డ వచ్చేదాకా నేను గుమ్మంలోనే నిలబడతాను. అన్నం మాడినా కదలను. ఆ ఒక్క మాట కోసం నా ప్రాణం కొట్టుకుపోతోంది. ఎవరైనా సరే, ఒక్కరైనా సరే, నాతో వస్తానని అంటే చాలనిపిస్తుంది.

నిన్న రోజా కంచంలో ఇడ్లీ తిని, ఎప్పటిలాగే ఏమీ అనకుండా వెళ్ళింది. సందు మలుపు తిరిగేదాకా దాని జడ చూస్తూ నిలబడ్డాను. మా ఆయన బజారుకెళ్ళాడు. అత్త మేడ మీద ఉంది. వెనకాల హాలంతా ఖాళీ.

కుళాయి తిప్పిన చప్పుడైంది. ఎవరో నోరు పుక్కిలించారు.

నా వెనక, చెవి పక్కనే, ఎంతో మర్యాదగా...

“ఎల్లొస్తానమ్మా.”

ఎన్నాళ్ళకి విన్నాను ఆ మాట! కళ్ళు చెమర్చాయి. ఎవరు, ఏంటి అని ఆలోచన రాకముందే, హోటలు నడిపినదాని నోరు గదా, సంతోషంగా అనేసింది.

“మళ్ళీ రండి.”

వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. కుళాయి కారుతోంది. గుమ్మం దాకా తడి అడుగులున్నాయి.

రోజా ఇడ్లీ తిన్న స్టీలు కంచం బల్ల మీద లేదు. అది ఉన్నచోట విస్తరాకు ఉంది. అవతలికి మడిచి ఉంది. ఇంకా వెచ్చగా ఉంది.